చదివిపెట్టే మనిషి

ఉప్పు కరిగిందో లేదో వేలితో కలిపి చూసి, రేడియోమ్మ గోరువెచ్చని నీళ్ళు గొంతులో పోసుకుని తల వెనక్కి వాల్చింది. పెరటి గోడ మీద వాలిన కాకి ఆ గుడగుడకి అలవాటుపడి ఎగిరిపోవడం మానేసి చాలా కాలమైంది. నీళ్ళు ఉమ్మేసి, మెడ మీద రెండు వేళ్ళు ఆనించి, "ఊఁ" అని ఒకసారి గొంతు పలికించి చూసుకుంది. పలికింది. ఆడవాళ్ళు బయలుదేరేముందు అద్దం చూసుకుంటారు. ఆమె గొంతు చూసుకుంటుంది.

లోపల గదిలో భర్త గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. కుట్టుమిషన్లు బాగుచేసే అంగడి ఎత్తేశాడాయన. చక్రాలు, బాబిన్లు, సూదిపెట్టెలు పాత చీరముక్కల్లో పసిపిల్లల్ని చుట్టినట్టు చుట్టి చెక్కపెట్టెలో సర్దుతున్నాడు. బక్కపలచటి మనిషి. నలభై ఏళ్ళుగా మిషన్ నూనె ఇంకిన గోళ్ళు ఎంత తోమినా తెల్లబడవు.

"చెప్పావా?" అన్నాడు తలెత్తకుండానే.

"ఇవాళ చెప్తా."

"నిన్నా ఇదే అన్నావు. మొన్నా ఇదే."

"నిన్న ఆవిడకి తలనొప్పి. మొన్న..." మొన్న అడ్డం వచ్చిందేమిటో ఆమెకి గుర్తు రాలేదు.

"ఎల్లుండి రైలెక్కుతున్నాం. ఆవిడకి చెప్పకుండా వెళ్ళిపోతే ఏం బావుంటుంది చెప్పు. ఉప్పు తిన్న చోటు."

కసురుకుంటున్నట్టు అనలేదు. ఆయనకి కసురుకోవడం రాదు. ఆయన పాలు తాగే వయసులో తల్లి పోతే అక్క పెళ్ళి మానుకుని పెంచింది. ఆ అక్క ఇప్పుడు వేరే ఊళ్ళో, స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగి, మంచంలో ఉంది. "అక్కని నేనే చూసుకోవాలి" అన్నాడు ఉత్తరం వచ్చిన రోజు. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. పిల్లలు లేరని కూడా ఏనాడూ నొచ్చుకోని మనిషి. కాదనడానికి ఆమెకి నోరు రాలేదు.

ఆ వదినగారే పెళ్ళిపీటల దగ్గర, "పిల్ల బాగానే ఉంది గానీ గొంతే మూడిళ్ళ దాకా వినిపిస్తోంది" అన్నది. ఆ మాట రేడియోమ్మ గుండెలో ముల్లులా అలాగే ఉండిపోయింది. ఇక మీదట ఆ గొంతుతోనే, "వదినగారూ, కొంచెం ఇటు తిరగండి" అనాలి.

బస్సులో ఆమె మాట్లాడదు. గొంతు దాచుకుంటుంది. కండక్టరుకి చెయ్యెత్తి చూపిస్తే ఎక్కడికో అతనికి తెలుసు. కొత్తగా ఎక్కినవాళ్ళు పాపం మూగమనిషి అనుకుంటారు. పొట్టిగా, గుండ్రటి ముఖంతో, ఎండలు మండిపోతున్నా మెడచుట్టూ నూలుగుడ్డ చుట్టుకుని, ఒళ్ళో భోజనం డబ్బా పెట్టుకుని కూర్చుంటుంది. ఆ రోజు కిటికీ పక్కన కూర్చుని, చెప్పాల్సిన మాటలు లోలోపల నాలుగు రకాలుగా పేర్చుకుంది. 'మేడమ్, మీతో ఒక మాట.' అది బాగాలేదు. ఆ మాట వింటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. 'మేడమ్, మా ఆడపడుచుకి ఒంట్లో బాగాలేదు.' ఇది నయం. కానీ అక్కణ్ణించి 'నేను ఇంక రాను' దాకా వెళ్ళేలోపే దిగాల్సిన స్టాపు వచ్చేసింది.

న్యాయకళాశాల వెనక భవనంలో, మేడ మీద ఉంటుంది న్యాయచరిత్ర గ్రంథాలయం. ఎత్తైన కిటికీలు, ఇనప అరలు, వాటికి చేరేసిన నిచ్చెన. తోలుబైండు పుస్తకాలు, దారంతో కట్టిన తీర్పుల కట్టలు, గొట్టాల్లా చుట్టిన పటాలు, ఎక్కడెక్కడి దేశాలవో. ఆ గదిలోకి రాగానే పాతకాగితం వాసన వేస్తుంది. తడిసి ఆరిన చెక్కలాంటి వాసన. కొత్తవాళ్ళు తుమ్ముతారు. ఆమెకి మాత్రం ఆ వాసన తగలగానే గొంతు తనంతట తానే సర్దుకుంటుంది.

"స్టేషను తెరిచారా?" అన్నాడు అటెండరు నిచ్చెన మీద నుంచి. రేడియోమ్మ అని ఆమెకి పేరుపెట్టింది అతనే. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా ఆ గదిలోంచి వరసగా ఒకటే గొంతు వినిపిస్తుందని. ఇప్పుడు జీతాలిచ్చే గుమాస్తాకి కూడా ఆమె అసలు పేరు చప్పున తట్టదు.

"వార్తలింకా రాలేదు," అంది ఆమె. అతను నవ్వి రెండు పుస్తకాలు కిందకి అందించాడు. ఆమె వెళ్ళిపోతున్న సంగతి అతనికి తెలుసు. ఆఫీసులో అందరికీ తెలుసు. మేడమ్‌కి నేనే చెప్పుకుంటాను, మీరెవ్వరూ నోరు జారొద్దు అని ఆమే బతిమాలుకుంది.

రేడియోమ్మకి చదవడం వచ్చు, చదువు రాలేదు. ఆ మాట ఆమె తన గురించి తానే నవ్వుతూ చెప్పుకుంటుంది. తండ్రికి క్షవరశాల ఉండేది. చిన్నప్పుడు ఆమె అక్కడ ఎత్తుపీట మీద కూర్చుని, గడ్డానికి సబ్బు పూయించుకున్నవాళ్ళకి పేపరు చదివి వినిపించేది. సబ్బు నోట్లోకి పోతుందన్న భయంతో వాళ్ళు నోరు కదిపేవాళ్ళు కాదు, అడ్డు ప్రశ్నలు వేసేవాళ్ళు కాదు. అంత మంచి శ్రోతలు ఆమెకి మళ్ళీ చాలా ఏళ్ళ దాకా దొరకలేదు. బళ్ళో పెద్దపరీక్ష రెండుసార్లు తప్పింది. ఏది ఇచ్చినా గడగడా చదివేది, మూసేశాక ఒక్క ముక్కా గుర్తుండేది కాదు. పెళ్ళయ్యాక చదవమని అడిగే నాథుడే లేకపోయాడు. భర్త మాత్రం రాత్రిపూట మిషన్ల కంపెనీ కాగితాలు చదివించుకునేవాడు.

ఒకసారి ఆయనతో కలిసి ఇక్కడి హాస్టలుకి మిషను ఇవ్వడానికి వచ్చి, గోడ మీద కాగితం చూసింది. చూపు లేని అధ్యాపకురాలికి పుస్తకాలు చదివిపెట్టే మనిషి కావాలి. అంతకుముందు మేడమ్ దగ్గర చాలామంది చేసి మానేశారట. ఒకతను చదువుతూ తూగేవాడు, ఒకమ్మాయి పేజీలు దాటేసేది. రేడియోమ్మ చేతికి మేడమ్ ఏదో పాత భూమి కొలతల పుస్తకం ఇచ్చింది. ఆమెకి సగం అర్థం కాలేదు. ఒక పేజీ అయ్యాక మేడమ్ చెయ్యెత్తి ఆపింది.

"నీకు అర్థం కాని చోట నెమ్మదించావు. అందరూ అక్కడే పరిగెడతారు. రేపట్నించి రా అమ్మాయ్."

అప్పటికి ఆమెకి నలభై దాటాయి. అమ్మాయ్ అని పిలిచేవాళ్ళు ఎవరూ మిగలని వయసు.

మేనకోడలి చెయ్యి పట్టుకుని మేడమ్ వచ్చింది. పొడుగాటి మనిషి, వయసు వల్ల భుజాలు కొంచెం ముందుకి వంగాయి. తెల్లటి జుట్టు బిగించి ముడి వేసుకుంటుంది. ఇంత ఎండల్లోనూ చలంటూ పాత ఊలు స్వెటరు వదలదు. ఆవిడ చూపు ఒక్కసారిగా పోలేదు. సాయంత్రం చీకటి పడ్డట్టు అంచుల నుంచి మధ్యకి, నెమ్మదిగా, కొన్నేళ్ళు పట్టింది. అందుకేనేమో, ఎవరైనా మాట్లాడితే ఇప్పటికీ తల తిప్పి వాళ్ళ ముఖం వైపే చూస్తుంది. మేనకోడలు ఆవిడని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి తన ఉద్యోగానికి వెళ్ళిపోయింది.

"ఏమ్మా, గొంతెలా ఉంది?"

"బావుంది మేడమ్. మీకెలా ఉంది?"

"ఎడమచెయ్యి లాగుతోంది. రాత్రి వంకరగా పడుకున్నట్టున్నాను. మనం ఎక్కడ ఆగాం?"

"ఎద్దు దగ్గర."

మేడమ్ నవ్వింది.

ఆవిడ తయారుచేస్తున్నది ఒక మార్గదర్శిని. న్యాయచరిత్ర చదువుకోవాలనుకునే పిల్లలకి ఏ దేశపు సంగతి ఏ పుస్తకంలో దొరుకుతుందో, దేన్ని ఎలా నమ్మాలో, ఎక్కడ అనుమానించాలో చెప్పే పుస్తకం. తీర్పులూ శాసనాలే చాలనుకుంటే పొరపాటు అంటుంది ఆవిడ. ఓడ కెప్టెన్ల దినచర్యలు, వైద్యుల రాతలు, పొలాల పటాలు, జోలపాటలు, బావి దగ్గర తిట్లు, అన్నీ వెతకాలి. జనం దేనికి భయపడ్డారో, దేనికి సిగ్గుపడ్డారో కోర్టు కాగితం ఒక్కటే చెప్పలేదు. రేడియోమ్మ చదువుతుంది. మేడమ్ వింటుంది. విన్నాక రెండు మూడు వాక్యాలు చెబుతుంది. రేడియోమ్మ వాటిని అట్టముక్కల మీద రాసి పెట్టెలో వేస్తుంది. పదిహేనేళ్ళుగా ఇదే పని. ఇప్పుడు చివరి అధ్యాయంలో ఉన్నారు.

మేడమ్ వినే తీరు వేరు. కళ్ళు మూసుకుని, కుర్చీ చేతిమీద కుడిచెయ్యి నడిమివేలితో నెమ్మదిగా తాళం వేస్తూ ఉంటుంది. వేలు ఆగితే, ఆపమని అర్థం. ఏదో చెప్పాలనో, అడగాలనో. ఇద్దరి మధ్యా ఆ పద్ధతి ఎప్పుడు కుదిరిందో వాళ్ళకే తెలీదు. చదువుతున్నంతసేపూ రేడియోమ్మ ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను ఆ వేలి మీద.

ఎద్దు ఎవరినో కుమ్మి చంపితే దాన్ని బోనెక్కించిన కథ అది, ఏదో చలిదేశంలో, ఏనాడో.

"నిజంగా విచారణ జరిపారా మేడమ్?"

"జరిపారు. దాని తరఫున వకీలుని కూడా పెట్టారు."

"నువ్వే కుమ్మావా అని అడిగితే అదేమంటుంది?"

"రంకె వేసి ఉంటుంది."

"అది ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా?"

"ఆ ముక్క మీదే ఆరునెలలు వాదించుకుని ఉంటారు," అంది మేడమ్. ఇద్దరూ నవ్వారు. అరల వెనక అటెండరు కూడా నవ్వాడు.

ఇవాళ రాత్రి భోజనాల దగ్గర భర్తకి ఈ ఎద్దు సంగతి చెప్పాలనుకుంది. రోజూ ఆయన, "ఇవాళేం చదివావు?" అని అడుగుతాడు. ఆమెకి పేర్లూ దేశాలూ గుర్తుండవు, తగాదాలే గుర్తుంటాయి. చెట్టునీడ నాదంటే నాదని కొట్టుకున్న అన్నదమ్ములు, పడవ మునిగితే ముందు ఎవరిని రక్షించాలో రాసిపెట్టుకున్న ఊరు. "అన్ని దేశాల్లోనూ మనలాంటి వెధవలే ఉన్నారన్నమాట," అనేవాడు ఆయన తృప్తిగా. వదినగారి మంచం పక్కన కూర్చుని ఏం చెప్పుకుంటారు తామిద్దరూ? ఈ ఆలోచన వచ్చి, చదువుతున్న వాక్యం మధ్యలో ఆమె తడబడింది. మేడమ్ వేలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం డబ్బాలు తెరిచారు. మేడమ్ రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసింది. "ఆకలి లేదు. ఆ కిటికీ కొంచెం తియ్యి." రేడియోమ్మ లేచి కిటికీ తీసింది. కింద కాలేజీ పిల్లలు సైకిళ్ళు తాళం వేసుకుంటున్నారు. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకుంది. వెనక్కి తిరిగి నోరు తెరిచింది.

"మేడమ్..."

"ఒక సంగతి అనుకుంటున్నాను అమ్మాయ్," అంది మేడమ్ అదే సమయానికి. "ఇది అచ్చుకి వెళ్ళాక రెండో సంపుటం మొదలుపెడదాం. ఒక్క పాటలతోనే. పాటల్లో ఉన్న న్యాయం. నీకు పాడటం వచ్చా?"

"రాదు మేడమ్."

"పర్లేదు, చదువుదువుగాని. చూపు పోతున్నప్పుడు నాకేం భయం వేసిందో తెలుసా? చీకటికి కాదు. ఈ గోడల నిండా ఉన్నవన్నీ ఇక ఇటుకలైపోతాయని. నువ్వు వచ్చాక మళ్ళీ పుస్తకాలయ్యాయి." అని నీళ్ళు తాగి, "ఏదో అనబోయావు?"

"ఏం లేదు. నీళ్ళు కావాలా అని."

డబ్బా కడుక్కొచ్చే నెపంతో బయటకి వెళ్ళి, పంపు దగ్గర నిలబడి చాలాసేపు నీళ్ళు వదిలేసింది. అటెండరు వచ్చి పంపు కట్టేశాడు. "చెప్పెయ్యమ్మా," అన్నాడు మెల్లిగా. "పంటినొప్పి లాంటిది. పీకేస్తేనే పోతుంది."

"పంటినొప్పి నాకైతే పర్లేదయ్యా. ఆవిడకి కదా పీకుతున్నాను," అంది ఆమె.

భోజనాలయ్యాక ఎండ కిటికీలోంచి వచ్చి బల్ల అంచు మీద పడింది. తర్వాతి పుస్తకం ఏదో కొండప్రాంతపు పాత ఆచారాలు. రాతకోతలు లేని జనం. అక్కడ పొలం వదులుకున్నా, ఊరు వదిలి వెళ్తున్నా, నలుగురూ కూడే చోట నిలబడి ఆ మాట పైకి చెప్పాలి. చెప్పినంత మాత్రాన చెప్పినట్టు కాదు. ఎదుటివాడు "విన్నాను" అనాలి. అప్పుడే ఆ మాట చెల్లుతుంది.

వేలు ఆగింది. రేడియోమ్మ ఆపింది.

"ఇది రాసుకో," అంది మేడమ్. కళ్ళు తెరవలేదు. గొంతు కొంచెం అలసటగా ఉంది. "ఇక్కడ చట్టం, చెప్పేవాడి నోట్లో లేదు. వినేవాడి నోట్లో ఉంది. రాశావా?"

"రాశాను."

"బావుంది కదూ. తర్వాతది చదువు."

ఆమె అట్టముక్క పెట్టెలో వేసి, పేజీ తిప్పి మళ్ళీ మొదలుపెట్టింది. పంటల కాపలా, దొంగిలించిన తేనెతుట్టెలు, చిన్న చిన్న శిక్షలు. బయట ఎక్కడో తలుపు చప్పుడైంది. ఒక పేరా అయింది, ఇంకొకటి అయింది. కాసేపటికి ఆమె కన్ను అలవాటుగా పక్కకి తిరిగింది. వేలు ఆగి ఉంది.

ఆమె చదవడం ఆపింది. మేడమ్ ఏమీ అనలేదు. తల కుర్చీ వెన్నుకి ఆనించి, ముఖం కిటికీ వైపు తిప్పి, ఏదో వినడానికి ఎదురుచూస్తున్నట్టుగా ఉంది. పొద్దుటి తడబాటు పసిగట్టే ఉంటుంది. అడగకుండా, చెప్పమని అవకాశమిస్తోంది. రేడియోమ్మకి అలాగే అనిపించింది. ఇంతకంటే మంచి సమయం దొరకదనీ అనిపించింది.

"మేడమ్," అంది. "నేను ఎల్లుండి వెళ్ళిపోతున్నాను."

మాట బయటపడ్డాక మిగతావి వాటంతటవే వచ్చాయి. ఆడపడుచు సంగతి, ఆయన అడిగిన సంగతి, అంగడి ఎత్తేసిన సంగతి. నెల రోజులుగా చెప్పలేకపోయిన సంగతి. "ఆయన ఎప్పుడూ ఏమీ అడగలేదు మేడమ్. కాదనలేకపోయాను. మీరు ఇంకెవరినైనా చూసుకోండి అనడానికి నాకు నోరు రావట్లేదు. ఎవరైనా వస్తే మీ పద్ధతులన్నీ చెప్పి వెళ్తాను. రేపంతా ఉంటాను."

మేడమ్ పలకలేదు.

కోపం వచ్చింది అనుకుంది ఆమె. రాదా మరి. పదిహేనేళ్ళు పక్కన కూర్చున్న మనిషి రైలెక్కే ముందు చెబితే ఎవరికి రాదు. మేడమ్ కోపం ఆమె ఎరగనిది కాదు. మాట్లాడటం మానేస్తుంది, అంతే. ఒకసారి ఒక పేజీ పొరపాటున దాటేసినందుకు సాయంత్రం దాకా మాట్లాడలేదు.

"క్షమించండి మేడమ్," అంది. కళ్ళు తుడుచుకుంది.

ఏం చెయ్యాలో తోచక, తనకి తెలిసిన ఒకే ఒక్క పని చేసింది. పుస్తకం తీసి ఆగిన చోట నుంచి చదవసాగింది. ఎన్నడూ చదవనంత బాగా చదివింది. ప్రతి మాటా విడివిడిగా, అర్థం కాని చోట నెమ్మదిస్తూ, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తీసుకుంటూ. సాక్షుల గురించి, ఒట్ల గురించి, చచ్చిపోయినవాడి మాటని ఎవరు మొయ్యాలనే దాని గురించి. వేలి వంక చూడటానికి ధైర్యం చాల్లేదు. అధ్యాయం ముగిస్తే ఆవిడ తప్పక ఏదో ఒకటి అంటుంది. కనీసం, 'రాసుకో' అంటుంది. బల్ల అంచు మీది ఎండ పేజీ మీదకి వచ్చింది. గొంతు జీరపోయింది. నీళ్ళు కూడా తాగలేదు.

అటెండరు టీ తీసుకుని వచ్చాడు. ఒక కప్పు ఆమె పక్కన పెట్టాడు. రెండోది మేడమ్ చేతికి అందించబోయి ఆగిపోయాడు. వంగి చూశాడు. కప్పు బల్ల మీద పెట్టి, ఆమె దగ్గరకి వచ్చి పుస్తకం మీద చెయ్యి వేశాడు.

"ఆపమ్మా."

"ఇంకొక్క పేజీ ఉంది."

"ఆపమ్మా," అన్నాడు అతను మళ్ళీ.

కాలేజీ దవాఖానా నుంచి డాక్టరమ్మ వచ్చింది. మేడమ్ వేసుకున్న స్వెటరులోంచి ఎడమచెయ్యి బయటకి లాగి, నాడి చూసి, గుండె మీద గొట్టం పెట్టి చూసి, మళ్ళీ చూసి, లేచి నిలబడింది. గుండెపోటు అంది. నిద్రలో పోయినట్టే పోయారు, బాధపడి ఉండరు అంది.

"ఎప్పుడు?" అంది రేడియోమ్మ.

"కచ్చితంగా చెప్పలేమండీ. అరగంట అయి ఉండొచ్చు, ఇంకాస్త ముందైనా కావచ్చు. మీరు ఇక్కడే ఉన్నారు కదా, ఏమైనా గమనించారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. తర్వాత, "వేలు ఆగింది," అంది. డాక్టరమ్మకి అర్థం కాలేదు.

"చెవులు చివరిదాకా వినిపిస్తాయంటారు. నిజమేనా?"

"అలా అంటారు," అంది డాక్టరమ్మ. ఔననాలో కాదనాలో తేల్చుకోలేక ఆమె ముఖం వంక చూసింది. తేల్చుకోలేకపోతున్నది రేడియోమ్మ కూడా. వినే పోయిందంటే, ఆవిడ ఈ లోకంలో విన్న చివరి మాట తను వెళ్ళిపోతున్నానన్నది. వినకుండా పోయిందంటే, నెల రోజులు గుండెలో మోసిన మాట ఎవరికీ చెప్పనట్టే.

మేనకోడలు ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చింది. ఏడ్చింది, తేరుకుంది, ఎవరెవరికో ఫోన్లు చేసింది. స్ట్రెచరు తెచ్చారు. సగం ఊడిన స్వెటరు తీసి కుర్చీ మీద వేసి, దుప్పటి కప్పి మెట్ల మీదుగా జాగ్రత్తగా దింపుతుంటే ఆమె వెనకే నడుస్తూ, సగం మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి రేడియోమ్మ చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్య వారం నుంచీ మీ గురించే అంటోంది," అంది. "అమ్మాయి గొంతులో ఏదో అడ్డుపడింది, ప్రతి వాక్యం చివరా తూలుతోంది, అడిగితే ఏడ్చేస్తుందని అడగట్లేదు అని. ఏమైంది మీకు? ఒంట్లో బాగాలేదా?"

"ఏం లేదమ్మా," అంది రేడియోమ్మ. "బానే ఉన్నాను. నువ్వు వెళ్ళు, కింద ఆగిపోయారు."

ఆమె వెళ్ళిపోయింది. కింద బండి తలుపులు మూసిన చప్పుడు వినిపించింది. కాలేజీ పిల్లలు సైకిళ్ళు పట్టుకుని దారి వదిలి నిలబడ్డారు. బండి వెళ్ళాక కూడా కొంతసేపు ఎవరూ ఎక్కలేదు.

రేడియోమ్మ వరండాలో నిలబడి భర్తకి ఫోన్ చేసింది. అటువైపు పెట్టెకి మేకులు కొడుతున్న చప్పుడు ఆగింది.

"చెప్పావా?" అన్నాడు ఆయన.

"చెప్పాను."

"హమ్మయ్య. ఏమంది?"

ఆమె గొంతు పలుకుతుందో లేదో అని మెడ మీద వేళ్ళు పెట్టుకుంది.

"ఏమీ అనలేదు," అంది.

"కోపం వచ్చి ఉంటుంది. పోనీలే, రేపు నేను కూడా వస్తాను. ఇద్దరం కలిసి అడుగుదాం. పెద్దావిడ, అర్థం చేసుకుంటుంది."

అప్పుడు ఏడుపు వచ్చింది. మధ్యమధ్యలో ముక్కలు ముక్కలుగా చెప్పింది. వేలు ఆగిందనీ, వింటోందనుకున్నాననీ, చదువుతూనే ఉన్నాననీ. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. ఆమె చెప్పడం అయిపోయాక, "నువ్వు అక్కడే ఉండు," అన్నాడు. "ఒక్కదానివీ బస్సెక్కకు. నేను వస్తున్నా." తర్వాత, పెట్టేయబోతూ, "అక్కకి కబురు పెడతాను, ఒక వారం ఆగి వస్తామని. అక్కడ పక్కింటావిడ ఉంది, చూస్తుంది. నువ్వు ఈ వారం మీ మేడమ్ ఇంటికి వెళ్ళి రా," అన్నాడు. అంత పొడుగు మాట ఆయన మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

అటెండరు కిటికీలు మూస్తూ వచ్చాడు. ఆమె వరండాలో నిలబడి ఉండటం చూసి, మేడమ్ కుర్చీ పక్క కిటికీ ఒక్కటి మాత్రం తెరిచే ఉంచి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "నేను కింద ఉంటాను. మీ ఆయన వచ్చాక తాళం వేసి రండి," అని దిగిపోయాడు.

ఆమె లోపలికి వెళ్ళింది. బల్ల మీద రెండు టీలూ మీగడ కట్టి ఉన్నాయి. పుస్తకం తెరిచినట్టే ఉంది, ఒక్క పేజీ మిగిలి. దాని వంక చూసింది గానీ ముట్టుకోలేదు. తన కుర్చీలో, రోజూ కూర్చునే వైపు, రోజూ కూర్చునే తీరులో కూర్చుంది. వెలుతురు బూడిదరంగులోకి తిరుగుతోంది. ఈ గదిలో ఇంత నిశ్శబ్దం ఆమె ఎరగదు. ఇక్కడ ఉన్నంతసేపూ తనే మాట్లాడేది మరి.

ఎదుటి కుర్చీ చేతి మీద మేడమ్ స్వెటరు వేలాడుతోంది. డాక్టరమ్మ లాగిన ఎడమచెయ్యి లోపలిది బయటకి తిరిగిపోయి, మోచేతి చిరుగుకి లోపలివైపు నుంచి వేరే రంగు ఊలుతో వేసిన, ఇన్నేళ్ళూ ఆమె కంటపడని చిన్న చిన్న కుట్లు పైకి కనబడుతూ, అలాగే ఉంది.